ముక్కులేని చిలుక

బోధన్, రాకాసిపేట
జనవరి 1964

అక్కకు,

వసంత దండం పెట్టి రాస్తున్నది. మేమందరం మంచిగున్నం. చెరుకు నడుస్తున్నది కాబట్టి మీ మరది లింగం ఇంట్ల కనవడుడే లేదు. పొద్దున బండి కట్టుకొని పోతే ఫ్యాక్టరీ కాడ్నే ఉంటుండు.

హోళికి ఇంక నెలన్నర ఉన్నది. పిల్లల మెడల్ల ఏసే చక్కెర బిళ్లల దండలు పోసుడు మొదలువెట్టిన. మనల కన్న అవ్వ నందిపేటల పోసినట్టే, ఆమె కట్టె అచ్చులల్లనే పాకం పోస్తున్న. పోయినేడు మీ ఊర్ల గాంధీ చౌకు కాడ మిఠాయి దుకాణం తుకారాంకు ఇచ్చిన గదా, సగం వాపసు వచ్చినయి. ఎందుకన్నా అంటే ఆయన ఏమన్నడో ఎరికేనా? "నీ మాల్ మంచిదే వసంతమ్మా, గని మీద చీటీ లేదు. నాందేడ్ దిక్కు నుంచి వచ్చేటియి రంగు చీటీలతోని వస్తున్నయి. జనం కండ్లతోని కొంటరు" అన్నడు.

బావ ప్రెస్సుల నాకు గిట్లాంటి చీటీలు కొట్టియ్యరాదు అక్కా? చీటీ మీద ఏం రాయాల్నో నేనే ఆలోచించి రాసిన. కింద సూడు.

"ఇవి చక్కెర దండలు. తియ్యగుంటయి. మంచిగుంటయి. కొనుండ్రి. ఇట్లు వసంతమ్మ."

ఇంకో ముచ్చట. అవ్వ అచ్చులు ఐదు గదా. నా దగ్గర నాలుగే ఉన్నయి. చిలుక బొమ్మ చెక్కిన చిన్నది, తొలి హోళి పిల్లల కోసం అవ్వ పోసేది, అది ఎంత దేవులాడినా దొరుకుతలేదు. నీ సామాన్లల్ల ఏమన్న కలిసిందా సూడు.

నీ చెల్లె
వసంత

---

నిజామాబాద్, గాజులపేట
జనవరి 1964

వసంతా,

అక్క రేణుక దీవెనలు. అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. కానీ నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మీ బావకూ నాకూ నవ్వలేక పక్కలు నొప్పి పుట్టాయి. "తియ్యగుంటయి" అట! చక్కెర తియ్యగా ఉండక కారంగా ఉంటుందా? పైగా కింద "ఇట్లు వసంతమ్మ" ఏమిటే, తహసీల్దారుకు పెట్టుకున్న అర్జీనా? నువ్వు మాట్లాడినట్టే రాస్తావు. ఉత్తరానికైతే సరిపోతుంది, అచ్చుకు సరిపోదు.

ఇక్కడ బీడీ కట్టల చీటీలు రోజూ కాలితో తొక్కే మా ప్రెస్సు మిషను మీదనే తిరుగుతాయి. అక్షరాలు పేర్చేది మీ బావే అయినా, ఏ మాట పెద్దగా ఉండాలో ఏది చిన్నగా ఉండాలో చెప్పేది నేను. సేట్లు కూడా "రేణుకమ్మను అడిగి వేయండి" అంటారు. చీటీ మీద రెండు వాక్యాల కన్నా ఎక్కువ ఉంటే ఎవరూ చదవరు. ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఈ రెండూ కనపడితే చాలు. నీకోసం ఇట్లా కూర్చాను:

"బోధన్ వసంతమ్మ చక్కెర దండలు. చెరుకు పండే ఊరిలోనే పాకం పట్టినవి."

గులాబీ రంగు కాగితం, నీలం సిరా. మొదటి మాటలు లావు అక్షరాల్లో వస్తాయి. నిజానికి నీ పేరు అంత లావుగా అక్కరలేదు. మీ బావే వేయమన్నాడు.

చిన్న అచ్చు సంగతి నాకు తెలియదు. చెదలు తిని ఉంటుంది. అవ్వ దినాలైన మర్నాడు పెద్దమనుషులు మనిద్దరినీ కూర్చోబెట్టి ఎవరికి ఏం కావాలని అడిగితే, నేను బంగారు కమ్మలు తీసుకున్నాను, నువ్వు ఆ కట్టెలు తీసుకున్నావు. పొయ్యిలోకి కూడా పనికిరావని అందరి ముందూ నవ్వాను, గుర్తుందా? ఇప్పుడు కట్టెల లెక్క నన్ను అడిగితే ఏం చెప్పను?

రేణుక

---

బోధన్
మార్చి 1964

అక్కకు,

అక్కా, ఒక్క దండ వాపసు రాలేదు! తుకారాం పండుగకు రెండు దినాలు ముందు మనిషిని తోలిండు, ఇంక ఉంటే పంపుమని. ఉంటే గదా! పొద్దుమాపు పొయ్యి కాడ్నే ఉండి మా అత్త హన్మవ్వ, నేను పోసినా సాలలేదు. నీ చీటీ ఒక మంత్రమే అనుకో. వేల్పూర్ నుంచి వచ్చిన ఆడోళ్లు చీటీలు పారెయ్యకుండ అద్దానికి అతికిచ్చుకున్నరట.

గని ఒక తప్పు జరిగింది. చెప్తే కోపం జెయ్యకు. నువ్వు చెప్పినట్టు చీటీని దండకు చుట్టిన. పాకం తడికి కాగితం రంగు దిగి, తెల్లటి చక్కెర మీద గులాబి మరకలు వడ్డయి. మొదటి గంపల దండలన్ని పాడయినయి. అప్పటి సంది చుట్టుడు బంద్ వెట్టి, చీటీకి బెజ్జం వొడిచి దారానికి కట్టిన. దండ తెల్లగ, చీటీ రంగుగ, రెండు వేరువేరుగ కనవడ్డయి. మంచిగుందని అందరన్నరు. వచ్చేటేడు బెజ్జం ప్రెస్సుల్నే ఏస్తే నా వేళ్లు బతుకుతయి.

పిల్లగాళ్లిద్దరికి రెండు దండలు పంపిన, ముట్టినయి గదా? అవ్వ లేదు, మనకు అన్నదమ్ములు లేరు. తల్లిగారింటి దండ అని నేనే పంపిన. పిలిచి మెడల ఎయ్యి.

వసంత

---

నిజామాబాద్
ఏప్రిల్ 1964

వసంతా,

దండలు చేరాయి. ఒకటి దారిలో విరిగింది. పెద్దవాడు విరిగింది నాకొద్దన్నాడు, చిన్నవాడు ఏడ్చాడు. మొత్తానికి వేశాను.

నీ సరుకు అంతా పోయినందుకు సంతోషం. కాగితం రంగు దిగుతుందని నాకు ముందే తెలుసు. చుట్టమని నేను రాయలేదు. నువ్వే అట్లా అనుకున్నావు.

ఒక సంగతి రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. రాస్తేనే నా మనసు చల్లబడుతుంది. ఈ వాడలో పదేళ్లుగా నన్ను ప్రెస్సు రేణుకమ్మ అంటారు. మొన్న గాజుల దుకాణంలో నిలబడి ఉంటే ఒకామె పక్కామెకు చూపించి ఏమన్నదో తెలుసా? "గా బోధన్ వసంతమ్మ లేదా, ఆమె అక్కనట!" అన్నది. నా గాజులు నా చేతికి ఎక్కించుకోవడానికి కూడా మనసు రాలేదు. ఆ చీటీలో ప్రతి మాటా నాది. ఆ లావు అక్షరాలు నా ఇంట్లోవి. పేరేమో నీది! నీ మీద కోపం లేదు. కానీ కడుపులో ఏదో మండుతున్నది, అది మాత్రం అబద్ధం కాదు.

ఇంట్లో పని ఉంది. ఇంతే.

రేణుక

---

బోధన్
డిసెంబర్ 1964

అక్కకు,

నీ ఉత్తరానికి జవాబు రాయక ఇన్ని నెలలాయె. అప్పుడు నాకు కడుపుల మూడో నెల. కోపంల ఉన్నదానికి ఆ ముచ్చట ఎట్ల చెప్పాల్నని ఆగిన. కార్తీకంల ఆడబిడ్డ పుట్టిందని మీ మరది బావకు కార్డు రాసిండు, మీకు ముట్టే ఉంటది. పురుటికి నువ్వు వస్తవేమో అని తొవ్వ సూసిన. పిల్లల బడి ఉండె కావచ్చు.

బిడ్డకు అవ్వ పేరే వెట్టుకున్నం. రాములు అని పిలుస్తున్నం. నొసలు అచ్చం అవ్వదే అక్కా. నువ్వు సూస్తే ఏడుస్తవు.

ఇగ చీటీ ముచ్చట. ఈసారి నాకొక ఆలోచన వచ్చింది. నన్ను అడిగేటోళ్లందరు "గీ పూలు గింత సాఫ్‌గ ఎట్ల వడుతున్నయి" అని అడుగుతరు. నా చేతుల ఏమున్నది, అచ్చులు అవ్వయి. కాబట్టి నా పేరు తీసేసి అవ్వ పేరే ఎయ్యాలె అనిపిస్తున్నది. నీకు నచ్చకపోతే మార్చు. నేను అనుకున్నది ఇది:

"నందిపేట రాములవ్వ లేదు. ఆమె అచ్చులున్నయి."

నా పేరు ఎక్కడ వద్దు. అప్పుడు నీకు బాధ ఉండది గదా? అవ్వ ఇద్దరికి అవ్వే.

బిడ్డకు ఇది తొలి హోళి. మా అత్త ఇప్పటి సందే అడుగుతున్నది, "తల్లిగారి దండ ఎన్నడొస్తది" అని. వస్తది తియ్యి అన్న.

వసంత

---

నిజామాబాద్
ఫిబ్రవరి 1965

వసంతా,

ఆలస్యమైంది. పెళ్లిళ్ల కాలం, శుభలేఖల పని తెమలడం లేదు.

నీ చీటీ చదివాను. పండుగ సరుకు మీద చావు కబురు ఎవరైనా వేస్తారా? "రాములవ్వ లేదు" అని చదివిన తల్లి దాన్ని పసిబిడ్డ మెడలో వేస్తుందా? నీకు చీటీ సంగతి తెలియదని ముందే చెప్పాను. పోయినేటి చీటీలే మిగిలినవి ఉంటే కట్టుకో. కొత్తవి ఈ ఏడు కుదరవు. లావు అక్షరాలు అరిగిపోయాయి, కొత్తవి హైదరాబాద్ నుంచి రావాలి.

బిడ్డకు అవ్వ పేరు పెట్టినావని విన్నాను. నన్నొక మాట అడగాలనిపించలేదా? నాకు ఇద్దరూ మగపిల్లలే, అవ్వ పేరు పెట్టుకునే భాగ్యం నాకు లేదు. అది నీకు తెలుసు. అచ్చులు నీకు, పేరు నీ బిడ్డకు, ఇప్పుడు చీటీ మీద కూడా అవ్వ నీకే. నాకు మిగిలినవి కమ్మలు. వాటిని చూసి ఏ వాడా నన్ను గుర్తుపట్టదు.

దండ సంగతి ఎందుకు రాస్తావో అర్థం కాలేదు. ఇల్లంతా దండలు పెట్టుకుని కూర్చున్నావు. నీ బిడ్డకు నేను ఒకటి పంపడమేమిటి, గోదావరికి బిందెతో నీళ్లు మోసినట్టు! నచ్చిన దాన్ని తీసి వేసుకో.

రేణుక

---

బోధన్
మార్చి 1965

రేణుకమ్మకు,

అక్కా అని రాయనీకి చెయ్యి వస్తలేదు.

హోళి ముందు శనివారం నేను నీ ఊరికి వచ్చిన. బిడ్డను సంకల ఏసుకొని, గంప నెత్తిన వెట్టుకొని, రైలుకు వచ్చిన. తుకారాం దుకాణంల వేరేటోళ్ల దండలు కుప్ప వోసి ఉన్నయి. వాటికి గులాబి చీటీలు. బెజ్జం వొడిచి, దారానికి కట్టి. అచ్చేసిన అక్షరాలు నేను మెల్లగ కూడుకొని చదువుత గని, ఆ అక్షరాలు చదువనీకి కూడుకొనుడు అక్కర రాలేదు. "నందిపేట రాములవ్వ లేదు. ఆమె అచ్చులున్నయి."

నేను తుకారాంను అడిగిన, ఇదెక్కడిదన్నా అని. ఆయన పావురంగనే, నవ్వుకుంట చెప్పిండు. "ప్రెస్సు రేణుకమ్మ రాసిచ్చింది. ఏం మాట అమ్మా! చదివినోళ్లు ఒకటి కొనేతాన రెండు కొంటుండ్రు. నువ్వే రాసినవా అని అడిగితే, అవును నేనే అన్నది" అన్నడు. నా గంప దిక్కు సూసి, "ఇప్పుడు నీయి ఏం చేస్కోను వసంతమ్మా, పాత చీటీలు గదా" అన్నడు.

చావు కబురన్నవు. అపశకునమన్నట్టు రాసినవు. అక్షరాలు అరిగినయన్నవు. తుకారాంకు కొట్టనీకి మాత్రం అరగలేదా?

నీ ఇంటి దాక వచ్చిన. మిషను సప్పుడు ఇనవడ్డది. గడప ఎక్కలేదు. వాపసు వచ్చిన.

అది కూడ పోనీ. సరుకు కరిగిపోతది, మళ్ల పోసుకుంట. గని ఒక్కటి అడుగుత, జవాబు చెప్పు. నచ్చిన దాన్ని తీసి వేసుకో అని రాసినవు. అవ్వ ఎన్ని వందల దండలు పోసేది! అందులకెల్లి ఒక్కటన్న మన మెడల్ల ఏసిందా? ఎన్నడన్న? వేల్పూర్ నుంచి పెద్దవ్వ, అవ్వకు అక్క, వచ్చేదాక మనం బోసి మెడలతోని గడపల కూసునేటోళ్లం. పెద్దవ్వ ఎక్కడనో కొన్న వంకర దండలు తెచ్చి ఏసేది, అప్పుడు అవ్వ నవ్వేది. "అమ్మేదాని చేతి దండ దాని కడుపున పుట్టినోళ్లకు వద్దు, తల్లిగారింటిదే రావాలె" అనేది. నువ్వు మరువలేదు. నువ్వు నాకన్న ఐదేండ్లు పెద్దదానివి, నాకన్న ఎక్కువ దినాలు ఆ గడపల కూసున్నవు.

ఊరందరి పిల్లల మెడల్ల నేను పోసిన దండలు. నా బిడ్డ తొలి హోళికి మెడ బోసి. మా అత్త ఆ దినం బిడ్డను బయటికి తియ్యలేదు. ఎవరన్న అడుగుతరని.

వసంతమ్మ

---

నిజామాబాద్
ఏప్రిల్ 1965

వసంతా,

నువ్వు రాసిన మాటలు చదివినంక నేను కూడా నా నోటికి వచ్చినట్టే రాస్తున్నాను. రాములవ్వ నాకూ తల్లే. నా తల్లి పేరు నేను ఎవరికైనా ఇచ్చుకుంటా. నీకు అచ్చులున్నాయని ఆమె మొత్తం నీదైపోదు. తుకారాం వచ్చి ఒక మంచి మాట రాసియ్యమని అడిగిండు. నీ ఉత్తరం బల్ల మీదనే ఉన్నది. ఇచ్చిన. తప్పేంది?

మీ బావ రెండు రోజుల నుంచి నాతో మాట్లాడట్లేదు. అదీ నీ చలువే.

బిడ్డ దండ సంగతి మరిచిపోయిన. మనిషన్నంక మరుస్తది.

రేణుక

---

నిజామాబాద్
ఆగస్టు 1965

వసంతా,

ఏప్రిల్‌లో రాసిన ఉత్తరానికి జవాబు లేదు. జూన్‌లో కార్డు వేశాను, దానికీ లేదు. రాములుకు పళ్లు వచ్చాయా? ఈ ఒక్క ముక్క రాయి చాలు.

రేణుక

---

బోధన్
జనవరి 1966

అక్కకు,

పళ్లు వచ్చినయి. నడుస్తున్నది కూడ.

పని ఉండి రాస్తున్న. పోయినేడు సంది నేను చీటీలు బంద్ వెట్టిన. ఉత్త కాగితంల చుట్టి సంతల కూసుంటే ఎవరు ఆగుతలేరు. "రాములవ్వయి ఉన్నయా?" అని అడిగి పోతుండ్రు. ఇవే అవ్వయి అని చెప్తే నవ్వుతుండ్రు, చీటీ ఏదీ అంటుండ్రు. నాందేడ్ దిక్కు నుంచి ఒకాయన వచ్చి నాలుగు అచ్చులు అడిగిండు. హోళి ముంగట వచ్చి తీసుకపోత అన్నడు. ఇచ్చేస్త. లింగం కూడ సరే అన్నడు.

నువ్వు పెద్దదానివి. అవ్వ సొమ్ము పరాయోళ్లకు పోయే ముందు నిన్ను అడుగుడు ధర్మం. నీకు కావాల్నంటే చెప్పు, పంపిస్త. ఇగనన్న నీ కడుపు చల్లగుండనీ.

వసంత

---

నిజామాబాద్, గాజులపేట
మార్చి 1966

నా చెల్లె వసంతకు,

అచ్చులు ఇయ్యకు. ఆ నాందేడ్ ఆయన వచ్చి గడపల నిలవడ్డా ఇయ్యకు. ముందుగాల ఈ మాట చదువు, తర్వాత మిగిలింది చదువు.

ఈ మూట బావ తెస్తుండు. రెండు నెలలు ఎందుకు ఊకున్నదని తిట్టుకునే ఉంటవు. జవాబు కాగితం మీద రాసేది కాదు, అందుకే ఆలస్యమయింది. నువ్వు మాట్లాడినట్టే రాస్తవని నవ్విన గదా, ఇయ్యాల నేను గట్లనే రాస్తున్న. వేరే తీరుగ రాస్తే మళ్ల ఏదన్న దాచిపెడుతనేమో అని భయమైతున్నది.

చిలుక అచ్చు చెదలు తినలేదు. నా పెట్టెల ఉన్నది. అవ్వ దినాలైన మర్నాడు పొద్దున, పెద్దమనుషులు రాకముందే, నేనే తీసి చీరె మడతల వెట్టుకున్న. ఎందుకు తీసిన్నో చెప్త. పానం పోయే ముందు అవ్వ నీ చెయ్యి పట్టుకొని అచ్చుల మీద వెట్టింది. నేను అక్కడ్నే ఉన్న. నా దిక్కు సూసి, "రేణుకకు చదువున్నది, దానికేం తక్కువ" అన్నది. అందరు అది మెచ్చుకోలు అనుకున్నరు. నాకు మాత్రం అవ్వ నన్ను ఇంట్లకెల్లి బయట నిలవెట్టినట్టయింది. కమ్మలు అడిగింది ఆ కోపంతోనే. కట్టెలని నవ్వింది కూడ ఆ కోపంతోనే. అచ్చు దొంగిలించి పెట్టుకొని, నీ మీదనే కుళ్లుకున్న చూడు, నన్ను నేను ఏమనుకోవాల్నో తెలుస్తలేదు.

నీ చీటీ మాట ముచ్చట. డిసెంబర్‌ల నీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఏమనిపించిందో ఇన్ని నెలల సంది ఎవరికి చెప్పలే, బావకు కూడ చెప్పలే. పదేండ్లుగ చీటీలు కూరుస్తున్న నాకు అసొంటి మాట ఒక్కటి రాలేదు. నాలుగు మాటలల్ల అవ్వ కండ్ల ముందు నిలవడ్డది. నువ్వు అచ్చు పోస్తవు, బిడ్డను కంటవు, సరే అనుకున్న. మాట కూడ నాకన్న మంచిగ రాస్తవా? ఆ మాట బాగలేదని నీకు రాసిన చేత్తోనే తుకారాంకు ఇచ్చిన. నువ్వే రాసినవా అంటే అవునన్న. ఆ అవును అన్నది నా నోట్లకెల్లి వచ్చి ఏడాదయింది, ఇంక మింగుడు వడుతలేదు.

పోయిన మంగళవారం తుకారాం దుకాణానికి పోయిన. నలుగురు గిరాకులు ఉన్నప్పుడే చెప్పిన. "అన్నా, ఆ మాట నాది కాదు, నా చెల్లెది. ఆ అచ్చులల్ల పోసిన దండ నీ దుకాణంల ఒక్కటి కూడ లేదు" అన్న. ఆయన మొఖం మాడ్చుకొని, "మరి పోయినేడు నువ్వే రాసినన్నవు గదమ్మా" అన్నడు. అబద్ధం చెప్పిన అన్న. గిరాకులు నన్ను కిందికి మీదికి సూసిండ్రు. సూడనీ. ఆ చీటీలన్ని తెంపించి తెచ్చి పొయ్యిల ఏసిన. నీ మాల్ ఎంతుంటే అంత పంపుమన్నడు.

మూటల రెండు కట్టల కొత్త చీటీలున్నయి. నీ మాట ఒక్క అక్షరం మార్చలేదు. కింద "పోసేది బోధన్ వసంతమ్మ" అని ఏసిన, లావుగనే ఏసిన. ఈసారి బావ చెప్తే కాదు. బెజ్జాలు కూడ నేనే వొడిచిన.

ఇగ అడుగున గుడ్డల చుట్టి ఒక దండ ఉన్నది. భద్రంగ విప్పు. చిలుక అచ్చుల నేనే పోసిన. అవ్వ కాడ కూసొని ఎన్నిసార్లు సూడలేదు, నాకు రాదా అనుకున్న. మొదటిసారి పాకం ఎర్రగయింది. రెండోసారి దారం ఏసుడు మరిచిన. మూడోసారి చక్కెర అచ్చును పట్టుకొని ఊడి రాలేదు, ఇనుప చువ్వతోని కొట్టి తీసిన. అచ్చును నీళ్లల్ల నానవెట్టాలె అన్నది అప్పుడు యాదికి వచ్చింది. చూపుడు వేలు కాలింది, అందుకే అక్షరాలు గిట్ల ఉన్నయి. నాలుగోసారి వచ్చింది. చిలుకకు ముక్కు రాలేదు. ఒక రెక్క లావు, ఒక రెక్క సన్నం. పెద్దవ్వ తెచ్చిన దండలకన్న వంకర.

ఆ దండకు కట్టిన చీటీ ఒక్కటే కొట్టిన. అక్షరాలు నేనే పేర్చిన. రెండోది కొట్టకుండ అక్షరాలు విప్పేసిన. చీటీల నాకు వచ్చిన మంచి మాట ఇదొక్కటే:

"రాములుకు, తల్లిగారింటి నుంచి. పెద్దవ్వ పోసింది. అమ్మకానికి కాదు."

చిలుక అచ్చు కూడ పంపుదామని మూటల వెట్టి, మళ్ల తీసిన. నీ నోటితోని అడిగితే పంపుత. దొంగతనంగ తీసినదాన్ని దొంగతనంగ వాపసు పెట్టబుద్ధి కాలేదు.

ఒక ఏడు ఆలస్యమయింది. బిడ్డ మెడల ఎయ్యి.

నీ అక్క

---

బోధన్, రాకాసిపేట
మార్చి 1966

అక్కకు,

బావ వచ్చినప్పుడు నేను పొయ్యి మీద పాకం వెట్టి ఉన్న. నీ ఉత్తరం చదువుకుంట కూసుంటే పాకం మాడింది. మా అత్త తిట్టింది. తర్వాత ఆమెనే చదివి చెప్పుమన్నది, చెప్పిన, ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకొని మళ్ల నన్నే తిట్టింది.

నాందేడ్ ఆయన వస్తే అచ్చులు లేవని చెప్పి తోలిన. మొన్న నాలుగు గంపలు తుకారాంకు పోయినయి. చీటీ మీద నా పేరు మరీ లావుగుంది. వచ్చేటేడు జర సన్నం చెయ్యి, సిగ్గయితున్నది.

నీ మీద కోపం పోయిందా అంటే, సగం పోయింది. మిగిలిన సగం నువ్వు వచ్చినప్పుడు మొఖం మీద తిడుత, అప్పుడు పోతది.

హోళి నాడు దండ రాములు మెడల ఏసినం. మా అత్త బిడ్డను ఎత్తుకొని రాకాసిపేట అంత తిప్పింది. అడిగినోళ్లకు, అడగనోళ్లకు, "తల్లిగారి దండ, నిజామాబాద్ నుంచి వచ్చింది" అని చెప్పింది. ఒకామె "గిదేం పిట్ట?" అన్నది. చిలుక అంటే నమ్మలేదు. ముక్కు ఏదీ అన్నది. మా అత్తకు కోపమొచ్చి, ఆమెతోని ఇంక మాట్లాడుతలేదు.

ఒక ముచ్చట చెప్త, నవ్వకు. నేను పోసిన దండలు ఇల్లంత ఉన్నయి. పువ్వు పువ్వులెక్క, ఆకు ఆకులెక్క, ఒక్క వంక లేదు. బిడ్డ వాటి దిక్కు సూడది. నీ ముక్కులేని చిలుకనే పొద్దంత నాకుతున్నది. గుంజుకుంటే ఏడుస్తున్నది. "పెద్దవ్వ, పెద్దవ్వ" అని దానికే పేరు వెట్టింది. నా బిడ్డకు నోరు తిరిగిన మాటలు నాలుగే, అందుల ఒకటి నువ్వు! అవ్వ అని నన్ను ఇంక సాఫ్‌గ పిలుస్తలేదు. అక్కా, నాకు ఒళ్లు మండుతున్నది. నువ్వు రెండేండ్లు ఎట్ల ఓర్సుకున్నవో ఇప్పుడు తెలుస్తున్నది.

చిలుక అచ్చు నాకు పంపకు. అడుగుతనేమో అని సూడకు, అడుగ. అది గూడ నా ఇంట్లనే ఉంటే నా బిడ్డకు దండ ఎక్కడికెల్లి రావాలె? అది నీ పెట్టెల్నే ఉండనీ. పెట్టె అడుగున కాదు, మీద వెట్టు. ప్రతి హోళికి ఒక్క దండ పొయ్యి, ఒక్కటే. నీ పిల్లగాళ్లకు నేను పోస్త, నా బిడ్డకు నువ్వు పొయ్యి.

అచ్చును మాత్రం ముందటి దినమే నానవెట్టు. వేలికి వెన్న రాయి.

నీ చెల్లె
వసంత